పన్ను అంటే సేవకు ధరేనా? ఇంటిపన్ను, జీఎస్టీ, సెస్సులపై సందేహాలు

తెన్నేటి పార్కు

అందరికీ నమస్కారం. మధురవాడలోని ఓ అపార్ట్‌మెంట్ సంఘం సభ్యుల కోసం పన్నుల మీద రెండు పేజీల నోటు తయారుచేయాలి. సభ్యులు అడుగుతున్నవి ఉన్నవి ఉన్నట్టు పెడుతున్నాను, తెలిసినవాళ్లు చెప్పండి.

వీధి దీపం వెలగకపోతే ఇంటిపన్ను ఆపేయొచ్చు కదా, సరుకు ఇవ్వనివాడికి డబ్బు ఎందుకివ్వాలి అని ఒకరి వాదన. నోట్లు అచ్చువేసేది ప్రభుత్వమే అయినప్పుడు మన దగ్గర వసూలు చేయడం దేనికని ఇంకొకరు. "నా ఆదాయం అంత లేదు, నేను పన్నే కట్టను" అనేవాళ్లూ ఉన్నారు. పనిలో పనిగా పన్ను, రుసుము, సెస్సు వీటి మధ్య తేడా కూడా కావాలి. నిర్వచనాలు ఎక్కడైనా దొరుకుతాయి. విశాఖలో ఇల్లున్నవాళ్లకు చేతిలో ఉన్న కాగితాలతోనే అర్థమయ్యేలా చెబితే మేలు.

లెడ్జరు

మొదటి ప్రశ్న తేలితే మిగతావాటికి దారి దొరుకుతుంది, అందుకని దాని దగ్గరే కాస్త ఎక్కువసేపు ఉంటాను.

మన దేశంలో పన్నుకు కోర్టులు ఇప్పటికీ చెప్పే నిర్వచనం 1954 నాటి శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు ఇచ్చినది. అందులో మూడు అంశాలున్నాయి. ప్రభుత్వాధికారం ప్రజావసరాల కోసం తప్పనిసరిగా వసూలు చేసే డబ్బు అది. చట్టబలంతో రాబట్టగలిగినది. కట్టినవాడికి చేసిన ఫలానా సేవకు ప్రతిఫలం మాత్రం కాదు. ఈ మూడోది చదవకుండా వదిలేయడం వల్లే "సేవ లేదు కాబట్టి కట్టను" అనే వాదన పుడుతుంది. రుసుము దగ్గరకొస్తే సేవకూ డబ్బుకూ సంబంధం ఉండాలి. అయితే పైసకు పైస సరిపోనక్కర్లేదని, స్థూలంగా పొంతన ఉంటే చాలని తర్వాతి తీర్పులు చెప్పాయి.

రెండో వైపు కూడా ఉంది. రాజ్యాంగం 265వ అధికరణం ప్రకారం చట్టం అనుమతి లేకుండా ఏ పన్నూ వేయకూడదు, వసూలు చేయకూడదు. అధికారి మౌఖికంగా "ఇంత కట్టండి" అంటే అది పన్ను కాదు. కాబట్టి మీ సభ్యులు అడగాల్సింది "నాకేం ఇచ్చారు" అని కాదు, "ఏ చట్టం కింద, ఏ రేటుతో, ఏ లెక్కన" అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే బాధ్యత వసూలు చేసేవారి మీద ఉంటుంది.

చేతిలో ఉన్న కాగితం అన్నారు కాబట్టి ఫ్లాట్ రిజిస్ట్రేషన్ తీసుకోండి. 50 లక్షల విలువ మీద మన రాష్ట్రంలో 7.5 శాతం అంటే 3,75,000 రూపాయలు కడతాం. అందరూ దాన్ని "రిజిస్ట్రేషన్ ఖర్చు" అని ఒకే మాటలో అనేస్తారు గానీ అందులో మూడు వేర్వేరు స్వభావాలున్నాయి. స్టాంపు డ్యూటీ 5 శాతం, 2,50,000. ఇది పన్ను, రాష్ట్ర ఖజానాకు పోతుంది, దేనికైనా వాడొచ్చు. ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, 75,000. స్టాంపు డ్యూటీతో కలిపి వసూలు చేసినా ఇది స్థానిక సంస్థ కోసం ఉద్దేశించినది. రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, 50,000. దస్తావేజు నమోదు చేసి భద్రపరిచే పనికి ఇది రుసుము. దస్తావేజు తీసి చూపించి ఈ మూడు అంకెలూ వేలుపెట్టి చూపిస్తే సభ్యులకు వెంటనే పడుతుంది.

అందరూ చెత్తపన్ను అన్నది కూడా ఇలాంటిదే. 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం కింద మొదలై 2024 చివర్లో రద్దయిన ఆ వసూలు నిజానికి వినియోగ రుసుము. బండి రాని వీధివాళ్లు దాని మీద అడిగిన ప్రశ్నకు బలం ఉండేది. అదే ప్రశ్న ఇంటిపన్ను మీద నిలబడదు.

లెడ్జరు

ఇంటిపన్ను విడిగా రాస్తున్నాను, పై జవాబు పొడవైపోయింది.

2020 నవంబరులో మున్సిపల్ చట్టాలు సవరించి, 2021 ఏప్రిల్ 1 నుంచి అద్దె విలువ పద్ధతి మానేసి మూలధన విలువ పద్ధతి తెచ్చారు. కట్టడం విస్తీర్ణానికి చదరపు అడుగు రేటు, భూమిలో మీ వాటాకు రిజిస్ట్రేషన్ విలువ, రెండూ కలిపితే మూలధన విలువ. దాని మీద నివాసాలకు చట్టం అనుమతించే పరిధి 0.10 నుంచి 0.50 శాతం. నివాసేతర కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం. ఆ పరిధిలో ఎంతన్నది ఆయా పట్టణ సంస్థ నిర్ణయిస్తుంది. మూలధన విలువ 30 లక్షలు అనుకుంటే అట్టడుగు రేటులో ఏడాదికి 3,000, గరిష్ఠ రేటులో 15,000. ఇంత తేడా ఉంటుంది కాబట్టి రేటు ఖరారు చేసే కౌన్సిల్ తీర్మానం మీద ప్రజలు కన్నేసి ఉంచాలి.

పాత అసెస్‌మెంట్లకు, అంటే ముందే పన్ను లెక్కకట్టి ఉన్న ఇళ్లకు, ఏడాదికి 15 శాతానికి మించి పెరగకూడదని పరిమితి పెట్టారు. దీనివల్ల ఒకే అంతస్తులో ఎదురెదురు ఫ్లాట్లకు పన్ను వేరుగా రావడం మామూలే. పాత అసెస్‌మెంట్ ఉన్నది పరిమితి నీడలో మెల్లగా పెరుగుతుంది, కొత్తగా అసెస్ అయినది మొదటి నోటీసులోనే పూర్తి లెక్కకు వస్తుంది. సంఘాల్లో గొడవలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. ఎవరో లంచం ఇచ్చి తగ్గించుకున్నారని అనుమానపడే ముందు రెండు ఫ్లాట్ల మొదటి అసెస్‌మెంట్ సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూడండి.

ఆపేస్తే ఏమవుతుందంటే, బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. అర్ధ సంవత్సరం 3,000 పది నెలలు ఆలస్యమైతే వడ్డీయే 600. ఏడాది మొత్తం 6,000 ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం రిబేటు, 300 మిగులు. అప్పుడప్పుడు వడ్డీ మాఫీ ప్రకటిస్తారు, దాన్ని నమ్ముకుని ఆపేవాళ్లు మాఫీ రాని ఏడాది దెబ్బతింటారు. బకాయి ఆస్తిని అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి అమ్మేటప్పుడు, పేరు మార్పిడి చేసుకునేటప్పుడు అది ముందుకొస్తుంది. లెక్క తప్పనిపిస్తే నోటీసులో రాసిన గడువులోగా విస్తీర్ణం, అంతస్తు, వాడుక (నివాసమా, వ్యాపారమా) తప్పుగా పడ్డాయని కాగితాలతో రివిజన్ పిటిషన్ వేయాలి. ఎక్కువ పొరపాట్లు దొర్లేది ఈ మూడింటిలోనే.

సిరిపురం జంక్షన్

లెడ్జరు గారు పన్ను ఏమిటో చెప్పారు, ఎందుకో నేను చెప్తాను. కొన్ని సేవలు మార్కెట్‌లో అమ్ముడుపోవు. డబ్బు కట్టనివాడిని ఆ సేవకు దూరంగా పెట్టడం సాధ్యం కాదు, ఒకరు వాడుకుంటే రెండోవాడికి తరగదు. అలాంటప్పుడు ఎవరికివారు "పక్కవాడు కడతాడులే" అనుకుంటారు, చివరికి ఎవరూ కట్టరు, ఆ సేవే ఉండదు. అందుకే అందరి దగ్గరా తప్పనిసరిగా తీసుకోవాల్సి వస్తుంది. అర్థశాస్త్రంలో చెప్పే పాఠ్య ఉదాహరణ లైట్‌హౌస్. మన డాల్ఫిన్స్ నోస్ మీద ఉన్నదే చూపించండి, అందరికీ తెలిసినదే.

పోర్టు రోడ్డు

సిరిపురం గారూ, సూత్రం సరైనదే గానీ ఉదాహరణ మార్చాలి. మన దేశంలో లైట్‌హౌస్‌లు నడిచేది సాధారణ పన్నుతో కాదు. 1927 లైట్‌హౌస్ చట్టం కింద, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన 2021 చట్టం కింద, భారత రేవులకు వచ్చే ఓడల దగ్గర టన్నేజీని బట్టి ప్రత్యేకంగా వసూలు చేస్తారు. కట్టకపోతే ఓడకు పోర్టు క్లియరెన్స్ రాదు. వెలుగును ఆపలేకపోయినా ఓడను రేవులో ఆపగలరు కాబట్టి అక్కడ రుసుము పనిచేసింది. రేవుకు రాకుండా దాటిపోయే ఓడ మాత్రం ఏమీ కట్టకుండానే ఆ వెలుగు చూసుకుంటుంది, ఆ మేరకు మీ మాట నిజం.

విశాఖలో సరిగ్గా అతికే ఉదాహరణ తుపాను హెచ్చరిక. వాతావరణ శాఖకు ఇక్కడ తుపాను హెచ్చరికల కేంద్రం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. ముందుగా ఇచ్చే హెచ్చరికను చందా కట్టినవాళ్లకే వినిపించడం కుదరదు. జాలరిపేటలో ఒకరు విన్నారని కంచరపాలెంలో ఇంకొకరికి తగ్గదు. రాడార్లు, ఉపగ్రహాలు, సిబ్బంది జీతాలు తుపాను లేని ఏడాది కూడా ఉండాల్సిందే. ఆ ఖర్చును ఎవరికని బిల్లు వేస్తారు? ఇది పన్నుతో తప్ప నడవదు. తుపాను తర్వాత తక్షణ సాయానికి వాడే రాష్ట్ర విపత్తు నిధి కూడా అంతే, మనలాంటి రాష్ట్రాలకు కేంద్రం 75, రాష్ట్రం 25 పాళ్లలో వేస్తాయి. బిహార్‌లో కట్టిన పన్ను కూడా మన తీరానికి వస్తుందన్నమాట, అక్కడ వరదలొస్తే మనది అటు పోతుంది.

సిరిపురం జంక్షన్

ఒప్పుకుంటున్నానండీ, నోటులో తుపాను హెచ్చరికే పెట్టండి. దానికి తోడు ఇంకో రెండు ప్రయోజనాలు రాయండి. ఉన్నవాడి దగ్గర ఎక్కువ నిష్పత్తిలో తీసుకోవడం ఒకటి, అలవాట్లను మార్చడం రెండోది. సిగరెట్ల మీద భారీగా వేసేది రెండో కారణానికే. అందులో ఒక చిక్కుంది. జనం మానేస్తే పన్ను గెలిచినట్టు, రాబడి మాత్రం పడిపోతుంది. ఆ రాబడి మీద ఆధారపడ్డ ప్రభుత్వం జనం మానేయాలని ఎంతవరకు కోరుకుంటుంది? మద్యం రాబడి విషయంలో రాష్ట్రాలు ఏళ్లుగా ఇరుక్కున్నది ఇక్కడే.

తెన్నేటి పార్కు

చాలా ఉపయోగంగా ఉంది. నోట్ల ముద్రణ సంగతి ఎవరూ ముట్టలేదు. అలాగే లెడ్జరు గారికి ఒక ప్రశ్న: చట్టం ప్రకారం ఇంటిపన్నులో లైటింగ్ పన్ను, డ్రైనేజీ పన్ను అని భాగాలుంటాయి కదా. దీపం లేకపోతే ఆ భాగమైనా తగ్గాలి అంటున్నారు.

లెడ్జరు

సాధారణ పన్ను, నీటి, డ్రైనేజీ, లైటింగ్, పారిశుధ్య పన్నులని భాగాలున్న మాట నిజమే. అవి లెక్క కట్టడానికి పెట్టుకున్న శీర్షికలు, మీ ఇంటి ముందు దీపానికి ఒప్పందాలు కావు. దీపం వెలగకపోతే ఫిర్యాదు హక్కు మీకుంది, కోత పెట్టే హక్కు లేదు.

సేవను బట్టి కట్టే మినహాయింపు ఒకటి మాత్రం ఉంది, విశాఖలో అది చిన్నదేమీ కాదు. 285వ అధికరణం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆస్తులపై స్థానిక పన్ను వేయకూడదు. తూర్పు నౌకాదళం, రైల్వే లాంటివి ఊళ్లో ఎంత భూమిలో ఉన్నాయో మీకు తెలుసు. 2009లో రాజ్‌కోట్ నగరపాలక సంస్థ కేసు పరిష్కారంలో భాగంగా కేంద్రం పన్నుకు బదులు సేవా రుసుము కట్టేందుకు అంగీకరించింది. పురపాలక సేవలన్నీ వాడుకుంటే ఇంటిపన్ను మొత్తంలో 75 శాతం, కొన్నే వాడుకుంటే 50, ఏవీ వాడుకోకపోతే 33.33 శాతం. సేవ తగ్గితే మొత్తం తగ్గింది. ఎందుకంటే అది రుసుము. ఉక్కు కర్మాగారం లాంటి ప్రభుత్వ రంగ కంపెనీలకు ఈ మినహాయింపు లేదు. వాటాలన్నీ కేంద్రానివే అయినా చట్టం దృష్టిలో కంపెనీ వేరు, కేంద్రం వేరు.

ఖజానా వీధి

నోట్ల ముద్రణకు నేను జవాబిస్తాను.

నోట్లు పెరిగినంత మాత్రాన ఇటుకలు, ఇంజినీర్లు, బియ్యం పెరగవు. రోడ్డు వేయాలంటే ప్రభుత్వం కంకర, కూలీ, యంత్రం తన వైపు తిప్పుకోవాలి. పన్ను వేస్తే జనం ఖర్చు ఆ మేరకు తగ్గుతుంది, ఆ వనరులు రోడ్డుకు దొరుకుతాయి. ముద్రించి కొంటే జనం ఖర్చు తగ్గదు, అవే వనరుల కోసం ఇద్దరు పోటీపడతారు, ధరలు పైకి పోతాయి. అదీ ఒక రకం పన్నే. అసెంబ్లీలో చర్చ లేకుండా, చేతిలో నోట్లు తప్ప ఏమీ లేనివాడి మీద ఎక్కువగా పడే పన్ను. భూమి, బంగారం ఉన్నవాడు తప్పించుకుంటాడు. నాకు ఈ వాదన మీద కోపం రావడానికి కారణం ఇదే, పేదవాడి పేరు చెప్పి అడిగే ఈ కోరిక పేదవాడినే కొడుతుంది.

చట్టపరంగా కూడా దారి మూసి ఉంది. ప్రభుత్వ లోటుకు, అప్పులకు హద్దు పెట్టే 2003 ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం ప్రకారం 2006 ఏప్రిల్ నుంచి కేంద్రం జారీచేసే కొత్త బాండ్లను రిజర్వు బ్యాంకు నేరుగా కొనడం ఆగిపోయింది. తాత్కాలిక అడ్వాన్సులు, అసాధారణ పరిస్థితులు మినహాయింపు. రాష్ట్రాలకైతే ముద్రణ మాటే లేదు. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం అప్పు చేయాలన్నా 293వ అధికరణం కింద కేంద్రం అనుమతి కావాలి. నగరపాలక సంస్థ పరిస్థితి ఇంకా ఇరుకు. పై నుంచి వచ్చే గ్రాంట్లు పోను దాని చేతిలో ఉన్నది ఇంటిపన్ను, ఖాళీ స్థలం పన్ను, ప్లాన్ రుసుములు, నీటి ఛార్జీలు, అద్దెలు. మనం ఊళ్లో పన్ను ఆపితే నష్టపోయేది ఢిల్లీ కాదు.

2025-26 కేంద్ర బడ్జెట్‌లో వచ్చే రూపాయి ఇలా ఉంది: అప్పు 24 పైసలు, ఆదాయపు పన్ను 22, జీఎస్టీ 18, కార్పొరేషన్ పన్ను 17, పన్నేతర రాబడి 9, ఎక్సైజు 5, కస్టమ్స్ 4, అప్పు కాని మూలధన రాబడి 1. పోయే రూపాయిలో రాష్ట్రాల వాటా 22, వడ్డీలు 20, రక్షణ 8, సబ్సిడీలు 6, పింఛన్లు 4, మిగిలిన 40 పథకాలు, ఫైనాన్స్ కమిషన్ బదిలీలు, ఇతర ఖర్చులు. రూపాయిలో 20 పైసలు పాత అప్పుల వడ్డీకే పోతున్నాయి. పన్ను వేయకుండా ఖర్చుపెట్టిన నిన్నటి రూపాయిని ఇవాళ్టి పన్నుతో తీరుస్తున్నాం.

కురుపాం మార్కెట్

"నేను పన్నే కట్టను" అనేవారి సంగతి. వారు రోజూ కడుతున్నారు, రసీదు మీద చూసుకోవడం లేదంతే.

ఇనప బీరువా ఉదాహరణతో జీఎస్టీ వివరించండి. రేకుల వ్యాపారి లక్ష రూపాయల సరుకుకు 18 శాతం, 18,000 వసూలు చేసి కడతాడు. ఆ రేకుతో చేసిన బీరువాలను ఆటోనగర్ షెడ్డువాడు దుకాణానికి 1,60,000కు అమ్మి 28,800 వసూలు చేస్తాడు. తాను ముందే ఇచ్చిన 18,000 తగ్గించుకుని 10,800 కడతాడు. దుకాణదారు 2,00,000కు అమ్మి 36,000 తీసుకుంటాడు, 28,800 పోను 7,200 కడతాడు. మొత్తం ప్రభుత్వానికి చేరింది 18,000, 10,800, 7,200 కలిపి 36,000. అచ్చంగా బీరువాలు కొన్నవాళ్లు ఇచ్చినంత. ముగ్గురు వ్యాపారులూ వసూలు చేసి అప్పజెప్పారు, భారం మోసింది కొన్నవాళ్లు.

గొలుసులో ఒకడు తీసుకున్న పన్ను కట్టకపోయినా, రిటర్నులో బిల్లు చూపించకపోయినా తర్వాతివాడికి క్రెడిట్, అంటే ముందే ఇచ్చిన పన్ను తగ్గించుకునే వీలు, ఆగిపోతుంది. చిన్న షెడ్లు ఇబ్బందిపడేది ఎక్కువగా దీనివల్లే. సరుకు కొనేముందు అమ్మేవాడి జీఎస్టీ నంబరు పోర్టల్‌లో వెతికి, రిటర్నులు వేస్తున్నాడో లేదో చూసుకోవాలి. నంబరులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌దైతే మొదట 37, ఆ తర్వాతి పది పాన్. కాంపొజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం తామే కట్టే పద్ధతి) ఉన్న వ్యాపారి బిల్లు మీద విడిగా జీఎస్టీ వసూలు చేయకూడదు. అలాంటి బిల్లులో పన్ను గీత కనిపిస్తే కట్టకుండా అడగండి.

అందరికీ ఒకే రేటు కాబట్టి సమానమే కదా అంటారు, కాదు. వెయ్యి రూపాయల వస్తువు మీద 180 పన్ను నెలకు 15,000 సంపాదించేవాడికి 1.2 శాతం, 2 లక్షలు సంపాదించేవాడికి 0.09 శాతం. ఈ వంకర సరిచేయడానికే తిండి సరుకులకు తక్కువ రేట్లు, ఆదాయపు పన్నులో శ్లాబులు. 2025 సెప్టెంబరు 22 నుంచి 12, 28 శాతం శ్లాబులు తీసేసి ప్రధానంగా 5, 18 ఉంచారు, కొన్నిటికి 40.

తక్కువ రేట్లకూ గీత ఎక్కడో ఒకచోట గీయాలి. అక్కడే జనం తెలివి పనిచేస్తుంది. 2022 జులై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల వరకు ఉన్న బియ్యం సంచికి 5 శాతం పడింది, విడిబియ్యానికి లేదు. దుకాణాల్లో 26 కిలోల సంచులు అందుకే వచ్చాయి. మీ సభ్యుల్లో చాలామంది వంటింట్లో ఆ సంచి ఉంటుంది, నోటులో దాని ఫొటో పెట్టండి.

ఆదాయపు పన్ను శ్లాబుల మీద ఒక అపోహ కూడా తీర్చండి. కొత్త విధానంలో 2025-26కి 4 లక్షల వరకు సున్నా, ఆపై 4 లక్షలకు 5 శాతం, తర్వాతి 4 లక్షలకు 10, ఇలా మెట్లు. 12 లక్షల వరకు రిబేటుతో పన్ను లేదు. 12,10,000 వస్తే లెక్క ప్రకారం 61,500 అవుతుంది, కానీ మార్జినల్ రిలీఫ్ వల్ల అదనంగా వచ్చిన 10,000కే పరిమితం, 4 శాతం సెస్సుతో 10,400. పదివేల జీతం పెరిగితే అరవై వేలు పోతుందని ఇంక్రిమెంటు వద్దనుకోనక్కర్లేదు. ఇక జీతగాళ్లందరికీ, నెలకు 20,000 దాటితే, వృత్తి పన్ను నెలకు 200, ఏడాదికి 2,400. రాజ్యాంగం పెట్టిన గరిష్ఠం 2,500.

ఉక్కునగరం సెక్టార్

కురుపాం గారి బీరువాలో ఒక ముక్క కలుపుతాను. ఆ బీరువాలు బరంపురం వ్యాపారికి అమ్మితే రాష్ట్ర భాగం ఒడిశాకు పోతుంది. జీఎస్టీ వాడకం జరిగిన చోటికి చేరే పన్ను. విశాఖ ఉక్కు హైదరాబాద్ ఇళ్లలో పడితే రాష్ట్ర వాటా తెలంగాణకు. ఊళ్లో కర్మాగారాలున్నాయి కాబట్టి మన రాష్ట్రానికి జీఎస్టీ దండిగా వస్తుందని అనుకోకండి. పొగ ఇక్కడ, పన్ను అక్కడ. కొలువులు, ఇంటిపన్ను, ఇక్కడివాళ్ల కొనుగోళ్ల మీద పన్ను మాత్రం మనవి.

ఖజానా వీధి

సెస్సు గురించి మిగిలిపోయింది. నోటులో ఇది తప్పకుండా ఉండాలి, ఎందుకంటే రాష్ట్రాల డబ్బు జారిపోయే చోటు ఇదే.

కేంద్రం వసూలుచేసే పన్నుల్లో పంపిణీ నిధికి, అంటే రాష్ట్రాలతో పంచుకునే మొత్తానికి, చేరేదానిలో 41 శాతం రాష్ట్రాలకు, 15వ ఫైనాన్స్ కమిషన్ 2021-26కి సిఫారసు చేసిన లెక్క. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం. వంద రూపాయలు నిధికి చేరితే మనకు సుమారు 1.66. సెస్సులు, సర్‌ఛార్జీలు ఆ నిధికి చేరవు, పూర్తిగా కేంద్రం దగ్గరే ఉంటాయి.

పెట్రోలు చూడండి. 2025 ఏప్రిల్ పెంపు తర్వాత లీటరుకు కేంద్ర ఎక్సైజు 21.90 రూపాయలు. అందులో పంచాల్సిన మూల ఎక్సైజు 1.40 మాత్రమే, మిగిలిన 20.50 ప్రత్యేక అదనపు సుంకం, రోడ్డు సెస్సు, వ్యవసాయ సెస్సు. 1.40లో అన్ని రాష్ట్రాలకూ కలిపి 57 పైసలు, మన వాటా దాదాపు రెండు పైసలు. అందుకు జవాబుగా రాష్ట్రం తన సొంత వ్యాట్ 31 శాతం, దానిపైన లీటరుకు 4 రూపాయలు, రహదారి సెస్సు ఇంకో రూపాయి వేసుకుంటుంది. ఇద్దరూ కలిసి బంకు దగ్గర నిలబడ్డవాడి జేబులోకే చెయ్యి పెడుతున్నారు. సెస్సు అంటే ఫలానా పనికని ప్రత్యేకించిన వసూలు, కాబట్టి ఆ పనికి ఖర్చయిందా అని అడిగే హక్కు మామూలు పన్ను కంటే దీని మీద గట్టిగా ఉంటుంది.

తెన్నేటి పార్కు

అడగడం అంటే ఎలా? సభ్యులు చేయగలిగిన పని ఒక్కటి చెప్పండి. ఆపేయడం కుదరదని తేలింది కాబట్టి.

లెడ్జరు

గ్రంథాలయ సెస్సుతో మొదలుపెట్టండి. చిన్నది, తేల్చదగ్గది.

1960 గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. 6,000 ఇంటిపన్నుకు 480. వసూలు చేసేది పట్టణ సంస్థ, చేరాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థకు. మధ్యలో ఆగిపోవడం రాష్ట్రంలో చాలాచోట్ల ఉన్న పాత జబ్బు. సొంత ఖర్చులకు కటకటగా ఉన్న స్థానిక సంస్థ ఈ డబ్బును వాడేసుకుంటుంది, అక్కడ గ్రంథాలయంలో పత్రికలు, కొత్త పుస్తకాలు ఆగిపోతాయి. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు కూర్చునే బెంచీ కూడా ఉండదు. అది వాళ్ల కోసమని పేరుపెట్టి మన దగ్గర తీసుకున్న డబ్బు.

సమాచార హక్కు దరఖాస్తు రుసుము 10 రూపాయలు, జవాబు గడువు 30 రోజులు. ప్రశ్న "సెస్సు ఏం చేశారు" అని రాస్తే "నిబంధనల ప్రకారం వినియోగించాం" అని జవాబొస్తుంది. చట్టం కింద ఇవ్వాల్సింది రికార్డు, అభిప్రాయం కాదు. కాబట్టి రికార్డునే అడగండి: 2022-23 నుంచి ప్రతి ఆర్థిక సంవత్సరానికి వసూలైన గ్రంథాలయ సెస్సు మొత్తం, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేసిన మొత్తం, ప్రతి జమ తేదీ, మార్చి 31 నాటికి మిగిలిన బకాయి. ఇవే అంకెలు గ్రంథాలయ సంస్థను కూడా వేరే దరఖాస్తులో అడగండి. రెండు జవాబులూ పక్కపక్కన పెడితే పొంతన ఉందో లేదో తెలుస్తుంది. రాకపోతే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

తేడా కనిపిస్తే రెండు చోట్లకు పంపండి. ఒకటి మీ వార్డు కార్పొరేటర్‌కు, కౌన్సిల్ సమావేశంలో ప్రశ్నగా వేయమని. రెండోది స్థానిక సంస్థల లెక్కలు తనిఖీ చేసే రాష్ట్ర ఆడిట్ శాఖకు. దరఖాస్తు సంఘం పేరుతో కాకుండా ఒక సభ్యుడి సొంత పేరుతో వేయండి. హక్కు చట్టంలో పౌరుడిది, సంఘం పేరు చూసి తిప్పి పంపిన సందర్భాలున్నాయి.